నూరితే మెత్తనవడమేనా?

“ఏం నాయనా, మిరపకాయలు నూరితే కారమవుతుంది గానీ బెల్లమవుతుందా?”

పొయ్యి వెలిగించకుండా, దేంట్లోనూ కరిగించకుండా, ఉత్తినే నూరి కొత్త పదార్థాలు తయారుచేస్తున్నారని చెబితే ధర్మపురి వైపు ఒక పెద్దాయన అడిగిన మాట ఇది. హోసూరు నుంచి కృష్ణగిరి, ధర్మపురి దాకా ఎన్నో ఊళ్లలో తెలుగిళ్లున్నాయి. అక్కడ ప్రశ్నలు ఇంత ముక్కుసూటిగానే వస్తాయి.

ఆయన అడిగినదాంట్లో న్యాయముంది. రాగులు విసిరితే రాగిపిండి వస్తుంది. రాగుల గుణం ఎక్కడికీ పోదు. బడిలో చెప్పిందీ అదే కదా: పొడి చేయడం భౌతిక మార్పు, కాల్చడం రసాయనిక మార్పు. చిన్నప్పుడు గీసిన ఆ గీత చాలామందికి జీవితాంతం చెరగదు. రసాయన శాస్త్రజ్ఞుల్లో కూడా ఎక్కువమందికి మొన్నమొన్నటిదాకా చెరగలేదు. కరిగించు, కాచు, వడకట్టు, ఆరబెట్టు: వాళ్ల వృత్తంతా ఈ పనుల చుట్టూ తిరిగింది. నూరడమన్నది అసలు పనికి ముందు చేసే ఊడిగంగానే మిగిలిపోయింది.

ఈ అధ్యాయం ఆ ఊడిగం గురించే. ముఖ్యంగా ఉత్ప్రేరకాలను, అంటే క్యాటలిస్టులను, నూరి తయారుచేయడం గురించి. పాఠ్యపుస్తకాలు దీన్ని యాంత్రిక రసాయనం అంటాయి. ప్రయోగశాలల్లో మెకనోకెమిస్ట్రీ అంటారు. నేను నూరుడు రసాయనం అంటాను. మిరపకాయ బెల్లం కాదన్నది నిజమే. కానీ నూరితే తెలుపు నలుపయ్యే పదార్థాలు, నూరితే ఒకటయ్యే పదార్థాలు, నూరితే చురుకు పుట్టే రాళ్లు ఉన్నాయి. అలాంటి రాయి ఒకటి ధర్మపురి జిల్లాలోనే ఉంది. దాని దగ్గరికి వెళ్లేముందు ఒకసారి వైద్యుడి కల్వంలోకి తొంగిచూద్దాం.

కల్వంలో ఏం జరుగుతుంది?

పాదరసం, గంధకం కలిపి నూరి ఒక నల్లటి మందు చేయడం మన రసవైద్యంలో వందల ఏళ్లుగా ఉంది. దాని పేరు కజ్జలి. శుద్ధిచేసిన పాదరసం, శుద్ధిచేసిన గంధకం రాతి కల్వంలో వేసి, నీటిచుక్క తగలకుండా నూరుతారు. మొదట్లో పాదరసం మాట వినదు. చిన్నచిన్న బొట్లుగా చెదిరి నూరే రాయి కిందనుంచి జారిపోతుంది. ఓపిగ్గా నూరగా నూరగా పచ్చటి గంధకం బూడిదరంగుకు తిరుగుతుంది, తర్వాత నల్లబడుతుంది, చివరికి కాటుకలా నిగనిగలాడకుండా మెత్తటి నలుపవుతుంది. దీనికి గంటలు పట్టొచ్చు, రోజులూ పట్టొచ్చు.

ఎప్పుడు ఆపాలి? వైద్యుల దగ్గర దీనికొక పరీక్ష ఉంది. చిటికెడు పొడి అరచేతిలో వేసుకుని, నీటిచుక్కతో రుద్ది, ఎండలో పట్టి చూస్తారు. ఎక్కడైనా వెండి మెరుపు కనిపించిందా, ఇంకా నూరాలి. మెరుపు జాడే లేకపోతే అది నిశ్చంద్రం, పని పూర్తయినట్టు. ఈ పరీక్షలోని తెలివి ఏమిటంటే, అది చూసేది పొడి మెత్తదనాన్ని కాదు, కలవకుండా మిగిలిపోయిన పాదరసాన్ని. ఇప్పుడు అదే పొడిని ఎక్స్‌రే యంత్రం కింద పెడితే అది పాదరసమూ కాదు, గంధకమూ కాదు, రెండూ కలిసి పుట్టిన మెర్క్యురిక్ సల్ఫైడ్ అనే మూడో పదార్థమని తేలుతుంది. నిప్పు సెగ తగల్లేదు, నీళ్లు పోయలేదు. ఉన్నదల్లా రాయి, చేతి బలం, సమయం. ఇదే కజ్జలిని గాజుకుప్పెలో పోసి ఇసుకలో పెట్టి కాలిస్తే పరమాణువుల అమరిక మారి ఎర్రటి రససింధూరమవుతుంది. (పాదరసం ఆవిరి విషం. ఇంట్లో ఎవరూ ప్రయత్నించకూడదు. ఆ మందు మంచిచెడులు వేరే చర్చ, ఇక్కడ మనకు కావలసింది రసాయనం మాత్రమే.)

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ దీనికి సరిగ్గా తలకిందుల పని రాసిపెట్టాడు. ఇంగిలీకాన్ని, అంటే ఎర్రటి పాదరస ఖనిజాన్ని, రాగి కల్వంలో రాగి రోకలితో కాస్త పులిసిన ద్రాక్ష కాడి పోసి నూరితే పాదరసం బయటికొస్తుందన్నాడు. రాగి గంధకాన్ని తనవైపు లాక్కుంటే పాదరసం విడుదలవుతుంది. అంటే ఒక చోట నూరి కలిపారు, ఇంకో చోట నూరి విడదీశారు. ఇవన్నీ మా పూర్వులకే తెలుసని ఛాతీ విరుచుకునేవాళ్లు రెండు దేశాల్లోనూ ఉంటారు. వాళ్లకు ఎలా చేయాలో తెలుసు. ఎందుకవుతుందో అడిగినవాళ్లు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చారు.

వేడి వల్ల కాదా?

ఇక్కడ తెలివైన పాఠకుడు ఒక అడ్డుపుల్ల వేస్తాడు. నూరితే రాపిడి, రాపిడి ఉంటే వేడి. కాబట్టి ఇదీ ఒక రకం కాల్చడమే గదా, పొయ్యి బదులు చెయ్యి అంతే గదా అంటాడు.

ఈ అనుమానాన్ని తీర్చినవాడు ఫిలడెల్ఫియాకు చెందిన మాథ్యూ కేరీ లీ. ఫోటోగ్రఫీలో వాడే వెండి లవణాలతో జీవితమంతా గడిపిన మనిషి. 1890ల మొదట్లో ఆయన సిల్వర్ క్లోరైడ్‌ను రెండు రకాలుగా పరీక్షించాడు. కాలిస్తే అది కరుగుతుంది, అంతే. చల్లారితే మళ్లీ సిల్వర్ క్లోరైడే. కల్వంలో గట్టిగా నూరితే మాత్రం నల్లబడి, క్లోరిన్‌ను వదులుకుని, వెండి బయటపడుతుంది. మెర్క్యురిక్ క్లోరైడ్ సంగతీ అంతే: వేడిచేస్తే చెక్కుచెదరకుండా ఆవిరైపోయేది, నూరితే విడిపోతుంది. వేడి చేయలేని పని రాపిడి చేసిందంటే రాపిడిలో వేడి కాక ఇంకేదో ఉందన్నమాట.

ఆ ఇంకేదో ఏమిటి? వేడి అన్ని బంధాలనూ అన్ని దిక్కులకూ ఒకేసారి ఊపుతుంది. దెబ్బ అలా కాదు. రెండు ఉక్కు గుండ్ల మధ్య చిక్కుకున్న రేణువు మీద బలమంతా సూదిమొనంత చోట, ఒక దిక్కుకు, సెకనులో అతిచిన్న భాగంలో పడుతుంది. ఆ చోట స్ఫటికం చీలుతుంది. చీలిన చోట పరమాణువులకు నిన్నటిదాకా ఉన్న పొరుగువాళ్లు లేరు. ఎవరు దొరికితే వాళ్లతో చేయి కలపడానికి ఆత్రంగా ఉంటాయి. గాలి, తేమ తగిలి ఆ ఆత్రం చల్లారేలోపు పక్కనే వేరే పదార్థపు తాజా ముఖం తగిలితే రెండూ అతుక్కుంటాయి. మళ్లీ దెబ్బ, మళ్లీ చీలిక, మళ్లీ అతుకు. చీలనివాటిలో కూడా పరమాణువుల వరసలు పక్కకు జరిగి, కొన్ని చోట్ల ఖాళీలు పడి, లోపాలు ఏర్పడతాయి. దెబ్బలోని శక్తి కొంత ఆ లోపాల్లో నిలవ ఉండిపోతుంది.

లోపం అనే మాటను గుర్తుపెట్టుకోండి. ఉత్ప్రేరకాల దగ్గరికొచ్చేసరికి ఆ లోపాలే అసలు సరుకు.

తొప్పూరు కనుమ

సేలం నుంచి ధర్మపురి వచ్చేవాళ్లకు తొప్పూరు ఘాట్ తెలియకుండా ఉండదు. లారీలు మూలుగుతూ ఎక్కుతాయి, దిగేటప్పుడు బ్రేకులు పట్టక తరచూ ప్రమాదాలు జరుగుతాయి. ఇప్పుడు ఆ కనుమ లేదనుకోండి. ధర్మపురి చేరాలంటే కొండ నెత్తికెక్కి దిగాలి. చేరలేరని కాదు, చేరేవాళ్లు తక్కువవుతారు. ఎక్కువమందిని చేర్చాలంటే అందరికీ కొండెక్కే బలం ఇవ్వాలి. రసాయన చర్యలో ఆ బలమే వేడి, పీడనం. ఉత్ప్రేరకం బలం ఇవ్వదు, కొండను తవ్వేయదు. కనుమ చూపిస్తుంది. పదార్థాలు దాని ఉపరితలం మీద ఆగి, అక్కడ కొన్ని బంధాలు వదులుచేసుకుని, తక్కువ ఎత్తు మీదుగా అవతలికి దాటిపోతాయి. దారి ఎక్కడిదక్కడే ఉంటుంది, తర్వాతి బండి కోసం.

అయితే ఘాట్ రోడ్డు కొండంతా ఉండదు కదా. ఉత్ప్రేరకం ఉపరితలం మీద కూడా పనిచేసే చోట్లు కొన్నే ఉంటాయి. నున్నగా, క్రమంగా, చుట్టూ పొరుగువాళ్లతో నిండుగా ఉన్న పరమాణువులు సాధారణంగా ఎవరినీ పట్టించుకోవు. అంచున, మూలన, విరిగిన మెట్టు మీద, ఖాళీ పక్కన ఉన్నవే పనిచేస్తాయి. కాబట్టి మంచి ఉత్ప్రేరకం చేయడమంటే రెండే సంగతులు: ఉపరితలం ఎక్కువ ఉండాలి, అందులో ఇలాంటి చోట్లు ఎక్కువ ఉండాలి. కొలిమిలో కాల్చడం ఈ రెంటికీ శత్రువు. వేడి తగిలేకొద్దీ చిన్న రేణువులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి పెద్దవవుతాయి, లోపాలు మాని నున్నబడతాయి.

హరూరు రాయి

ధర్మపురి జిల్లా హరూరు నుంచి ఊత్తంగరై వైపు వెళ్లే పట్టీలో పలుగురాతి చారల మధ్య మాలిబ్డినైట్ అనే ఖనిజం ఉంది. (2004లో జిల్లా విడిపోయాక ఊత్తంగరై కృష్ణగిరి లెక్కలోకి వెళ్లింది, చారలకు ఆ సంగతి తెలియదు.) భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఈ పట్టీలో అన్వేషణ జరిపింది. దేశం మొత్తం మీద గుర్తించిన మాలిబ్డినం ఖనిజంలో సగానికి పైగా తమిళనాడులోనే ఉంది. వినడానికి గొప్పగానే ఉంది గానీ టన్ను రాయిలో మాలిబ్డినైట్ సగటున కిలో కూడా ఉండదు. అందుకే దాని కోసం తవ్వకాలు నడవడం లేదు. మన అవసరాలకు దిగుమతే దిక్కు.

మాలిబ్డినైట్‌ను చేతిలో పట్టుకుంటే ఖనిజమని నమ్మబుద్ధి కాదు. సీసంలా నీలిబూడిద మెరుపు. గోటితో గీరితే గీత పడుతుంది. వేళ్లకు మసి అంటుతుంది, కాగితం మీద రాస్తే రాస్తుంది. పెన్సిల్లో వాడే గ్రాఫైట్ అనుకుని పొరబడటం మామూలే, ఒకప్పుడు యూరప్ అంతా పొరబడింది. లోపల ఇది పొరలుపొరలుగా ఉంటుంది. ఒక్కో పొరలో నడుమ మాలిబ్డినం పరమాణువులు, పైనా కిందా గంధకం. పొరలో బంధాలు గట్టివి, పొరకూ పొరకూ మధ్య పట్టు బలహీనం. అందుకే పొరలు ఒకదాని మీద ఒకటి జారతాయి. అందుకే గ్రీజులో కందెనగా దీన్ని కలుపుతారు.

ఆ జారుడు గుణమే నూరేవాడి ప్రాణం తీస్తుంది. 1778లో స్వీడన్ మందుల తయారీదారు కార్ల్ విల్‌హెల్మ్ షీలే దీన్ని పరీక్షించబూనితే రోకలి కింద పలకలు జారిపోయాయి గానీ పొడి కాలేదు. ఆయన చేసిన ఉపాయం చూడండి. కల్వంలో పొటాషియం సల్ఫేట్ ముక్కలు కలిపి నూరాడు. గరుకైన లవణపు పలుకులు మెత్తటి పలకలను పట్టి చీల్చాయి. ఆపైన వేడినీళ్లతో కడిగితే లవణం కరిగి వెళ్లిపోయింది, మాలిబ్డినైట్ పొడి మిగిలింది. ఈ రోజు ప్రయోగశాలల్లో ఇదే ఖనిజాన్ని కొన్ని పరమాణువుల మందం రేకులుగా విడదీయడానికి ఉప్పు కలిపి మరలో ఆడించి, నీళ్లతో కడిగేస్తున్నారు. షీలేకు రెండున్నర శతాబ్దాల తర్వాత, అదే కల్వపు ఉపాయం.

ఇంత కష్టపడి చీల్చడం ఎందుకు? మీ బండిలో పోసే డీజిల్ కోసం. ముడిచమురులో గంధకం ఉంటుంది. అది ఇంజనులో మండితే ఊపిరితిత్తులను కాల్చే వాయువవుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమల్లోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణం ప్రకారం కిలో డీజిల్లో గంధకం 10 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు ముందు 50 దాకా ఉండేది. విశాఖపట్నం, చెన్నై మణలి లాంటి రిఫైనరీలన్నీ ఇంధనాన్ని హైడ్రోజన్‌తో కలిపి, 300 నుంచి 400 డిగ్రీల వేడిలో ఒక ఉత్ప్రేరకం మీదుగా నడుపుతాయి. గంధకం హైడ్రోజన్‌తో జతకట్టి బయటికి పోతుంది. ఆ ఉత్ప్రేరకంలో పనిచేసేది మాలిబ్డినం సల్ఫైడే, అంటే హరూరు రాతి చారల్లో ఉన్న పదార్థమే. అల్యూమినా అనే తెల్లటి ఆధారం మీద అతిచిన్న పలకలుగా కూర్చుని, అంచుల్లో కోబాల్టు పరమాణువులు తాపడం చేసుకుని ఉంటుంది.

పనంతా అంచుల్లోనే. పలక మైదానం నున్నగా, గంధకంతో నిండి, సోమరిగా ఉంటుంది. నీటి నుంచి హైడ్రోజన్ తీసే పనిలో కూడా ఇదే సంగతి 2007లో డెన్మార్క్ పరిశోధకులు తేల్చారు: చురుకుదనం పలక వైశాల్యాన్ని బట్టి పెరగలేదు, అంచు పొడవును బట్టి పెరిగింది. ప్లాటినం లాంటి బంగారపు ధరల లోహం బదులు ఈ మసిరాయి హైడ్రోజన్ తీయగలదంటే దాని అంచుల పుణ్యమే. మరి అంచులు పెంచాలంటే ఏం చేయాలి? పలకను ముక్కలు చేయాలి, చించాలి, అక్కడక్కడ గంధకాన్ని ఊడబెరకాలి. దెబ్బ సరిగ్గా ఈ మూడు పనులే చేస్తుంది.

మితిమీరితే ముప్పే. అదేపనిగా ఆడిస్తే పొరల క్రమం మొత్తం చెదిరిపోయి, రేకులు తిరిగి ముద్దకట్టి, ఉపరితలం తగ్గిపోతుంది. వైద్యుడు ఎండలో అరచేయి పట్టి చూసినట్టే ఇక్కడా మధ్యమధ్యలో ఆపి, చిటికెడు తీసి, చూసుకుంటూ పోవాల్సిందే.

గుండ్ల మర

ఇప్పుడు కల్వం బదులు బాల్ మిల్ ఉంది. సిమెంటు కర్మాగారాల్లో సున్నపురాయి, క్లింకరు పొడిచేసే పెద్ద డోళ్లు నల్లగొండ, తాడిపత్రి వాళ్లకు కొత్తవి కావు. ప్రయోగశాలలో వాడేది పొట్టిది, కోపిష్ఠిది. ఉక్కుతోనో, జిర్కోనియాతోనో చేసిన మూతగిన్నెలో పొడి వేసి, దాంతోపాటు గుండ్లు వేస్తారు. గిన్నె ఒక పళ్లెం మీద బిగించి ఉంటుంది. పళ్లెం ఒకవైపు తిరుగుతుంటే గిన్నె దానికి ఎదురు తిరుగుతుంది. గుండ్లు ఒక గోడ వదిలి ఇంకో గోడను బాదుతాయి. నిమిషానికి కొన్ని వందల చుట్లు. మాట వినపడనంత మోత. గిన్నె వేడెక్కుతుంది కాబట్టి కాసేపు ఆడించి, కాసేపు ఆపి, మళ్లీ ఆడిస్తారు. మూత తీస్తే పొడి అడుగున ఉండదు, గోడలకూ గుండ్లకూ పూతలా పట్టుకుని ఉంటుంది. గీకి తీయడమే పెద్ద పని. మెత్తటి లోహాలైతే మరీ అంటుకుంటాయి, అందుకని చిటికెడు స్టియరిక్ ఆమ్లం వేస్తారు.

ఈ మరను పదార్థాల తయారీ యంత్రంగా మార్చింది రసాయన శాస్త్రజ్ఞులు కాదు, లోహకారులు. 1960ల మధ్యలో అమెరికాలో ఇన్కో అనే నికెల్ కంపెనీలో జాన్ బెంజమిన్, జెట్ ఇంజన్ల కోసం కరగని ఆక్సైడు రేణువులను నికెల్లో సమంగా కలపలేక తంటాలు పడ్డాడు. కరిగిస్తే ఆక్సైడు పైకి తేలిపోతుంది. కరిగించకుండా పొడులుగానే గుండ్ల మరలో వేసి బాదితే కలిసిపోయాయి. దీనికి మెకానికల్ అల్లాయింగ్ అని పేరు.

ఇక్కడ ఇద్దరు తెలుగు పేర్లు చెప్పుకోవాలి. చల్లపల్లి సూర్యనారాయణ గారు బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో పనిచేసి, తర్వాత అమెరికాలో సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. 2001లో ‘ప్రోగ్రెస్ ఇన్ మెటీరియల్స్ సైన్స్’ పత్రికలో ఈ విద్య మొత్తం మీద ఆయన రాసిన సమీక్ష 184 పేజీలు. గుండ్ల బరువు పొడి బరువుకు ఎన్ని రెట్లుండాలి (తరచూ పది రెట్లు), ఎంతసేపు ఆడించాలి, గిన్నె ఎంత నింపాలి, లోపల ఏ వాయువుండాలి అన్నవన్నీ ఒక్కచోట చేర్చిన రచన అది. ప్రపంచంలో ఏ మూల బాల్ మిల్ కొన్నా ముందు చదివేది దాన్నే అంటే పెద్ద అతిశయోక్తి కాదు. రెండోవారు బుడరాజు శ్రీనివాసమూర్తి గారు. ఖరగ్‌పూర్, మద్రాసు ఐఐటీల్లో దశాబ్దాలు ఈ పనిమీదే ఉండి, 2019లో హైదరాబాద్ ఐఐటీ డైరెక్టరయ్యారు. 1998లోనే ఎస్. రంగనాథన్ గారితో కలిసి ఇదే విద్య మీద సమీక్ష రాశారు. ఐదారు లోహాలను ఇంచుమించు సమపాళ్లలో కలిపే హై ఎంట్రోపీ మిశ్రలోహాల మీద తొలి గ్రంథాల్లో ఒకటి 2014లో ఆయన సహరచనగా వచ్చింది.

ఆ మిశ్రలోహాలు ఉత్ప్రేరకాల ఊళ్లోకి ఎలా వచ్చాయో చూడండి. 2020లో కాన్పూర్, గాంధీనగర్ ఐఐటీల పరిశోధకులు బంగారం, వెండి, ప్లాటినం, పల్లాడియం, రాగి ఐదింటినీ కలిపి కరిగించి, ఆ దిమ్మను మంచుకంటే ఎంతో చల్లటి స్థితిలో గుండ్లతో బాది నానోరేణువులు చేశారు. అంత చలిలో లోహం అతుక్కోవడం మాని విరుగుతుంది. ఆ పొడి కరెంటు సాయంతో బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను, పనికొచ్చే వాయువులుగా మార్చింది.

నన్ను బాగా ఆకట్టుకున్న ఫలితం మాత్రం బంగారానిది కాదు, అల్యూమినాది. ధర్మపురి, నల్లగొండ వాళ్లకు అల్యూమినా పేరు తాగునీటిలో ఫ్లోరైడు పట్టే ఫిల్టర్ల వల్ల పరిచయం. రసాయన పరిశ్రమకు అది ఉత్ప్రేరకాలు కూర్చునే పీట. పీటలో రెండు రకాలు. గామా రకానికి ఉపరితలం చాలా ఎక్కువ, కానీ వేడి నీటి ఆవిరి తగిలితే నిలవదు. కురువిందం రకం, అంటే మన కెంపు నీలాల జాతిది, దేనికీ చలించదు, కానీ దాన్ని చేయాలంటే వెయ్యి డిగ్రీలు దాటించి కాల్చాలి. అంత వేడిలో రేణువులన్నీ కలిసిపోయి ఉపరితలం గ్రాముకు కొన్ని చదరపు మీటర్లకు పడిపోతుంది. గట్టిదనం, వైశాల్యం రెండూ ఒకచోట దొరకవనే అందరూ రాజీపడ్డారు. 2019లో జర్మనీలోని ముల్‌హైమ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన అమోల్ అమృతే, ఫెర్డి షూట్ బృందం బోమైట్ అనే అల్యూమినియం ఖనిజాన్ని మామూలు గది వేడిలో కొన్ని గంటలు బాల్ మిల్లులో ఆడించారు. కురువిందం వచ్చింది, గ్రాముకు 100 చదరపు మీటర్లకు పైగా ఉపరితలంతో. కొలిమి కొన్నేళ్లుగా ఇవ్వనిది దెబ్బ ఇచ్చింది. కారణం పైన చెప్పుకున్నదే. కొలిమి స్ఫటికాన్ని మార్చడంతో ఊరుకోదు, మారిన రేణువులను పెంచుతుంది కూడా. దెబ్బ మారుస్తుంది, పెంచదు.

అదే ఏడాది అదే సంస్థ ఇంకో సంగతీ చూపింది: ముతక లోహపు పొడి, ఆధారపు పొడి కలిపి నేరుగా ఆడిస్తే లోహం నానోమీటర్ల రేణువులుగా చితికి ఆధారం మీద సర్దుకుంటుంది. దీని విలువ తెలియాలంటే మామూలు పద్ధతి తెలియాలి. ఇప్పటి దాకా డీజిల్ ఉత్ప్రేరకమే కానీ ఇంకోటి కానీ ఎలా చేస్తారు? లోహాన్ని నైట్రేటుగానో మరో లవణంగానో మార్చి, నీళ్లలో కరిగించి, ఆ నీళ్లు ఆధారానికి పట్టించి, ఆరబెట్టి, కాలుస్తారు. నైట్రేటు మాడి విషవాయువులు వస్తాయి, కడిగిన నీళ్లలో లోహం పోతుంది. రిఫైనరీలకు వెళ్లే సరుకు ఇప్పటికీ ప్రధానంగా ఈ తడి దారిలో వస్తున్నదే.

పచ్చదనానికి లెక్క

1998లో పాల్ అనస్తాస్, జాన్ వార్నర్ హరిత రసాయనానికి 12 సూత్రాలు రాశారు. మొదటి సూత్రం వ్యర్థాన్ని శుద్ధి చేయడం కాదు, పుట్టకుండా చూడడం. ద్రావణాలు తగ్గించడం ఒకటి, ఉత్ప్రేరకాలు వాడడం ఇంకొకటి. అంతకు ముందే, 1992లో, రోజర్ షెల్డన్ ఒక చిన్న లెక్క వేశాడు: కిలో సరుకుకు ఎన్ని కిలోల చెత్త? చమురు శుద్ధిలో అది కిలోలో పదో వంతుకు లోపే. మందుల తయారీలో 25 నుంచి 100 కిలోలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఈ చెత్తలో సింహభాగం ద్రావణాలు. హైదరాబాద్ దగ్గర మందుల కర్మాగారాలున్న పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల చెరువులు, నక్కవాగు ఏమయ్యాయో చూసినవాళ్లకు ఈ లెక్క ఎవరూ వివరించనక్కర్లేదు. ద్రావణం లేకుండా పని జరిగితే ఆ వాగులోకి వెళ్లేది అంత తగ్గుతుంది.

నూరుడు రసాయనాన్ని పొగిడే వ్యాసాలు ఇక్కడితో ఆగిపోతాయి. ఆగకూడదు. మర కరెంటుతో తిరుగుతుంది. గుండ్లలో పెట్టిన శక్తిలో చాలాభాగం మోతగా, వేడిగా పోతుంది, బంధాలు విరవడానికి వెళ్లేది కొంచెమే. దక్షిణ కొరియాలోని ఉల్సాన్ పరిశోధకులు 2020లో ఇనుప పొడిని గుండ్లతో బాదుతూ నైట్రోజన్, హైడ్రోజన్లతో 45 డిగ్రీల దగ్గర, మామూలు గాలి పీడనంలో అమ్మోనియా చేశారు. మన ఎరువుల కర్మాగారాల్లో అదే పనికి 400 డిగ్రీలు పైగా వేడి, వంద రెట్లకు మించిన పీడనం కావాలి. గొప్ప సంగతే. అయితే మర తాగిన కరెంటును కిలో అమ్మోనియాకు లెక్కగట్టి చూసిన తర్వాతే పాత పద్ధతిని తిట్టాలి. ఉత్ప్రేరకం తయారీ విషయంలో లెక్క కాస్త అనుకూలంగా ఉంటుందని నా అభిప్రాయం. ఎందుకంటే అమ్మోనియాను టన్నులకు టన్నులు మరలో ఆడించాలి. ఉత్ప్రేరకాన్ని ఒకసారి ఆడిస్తే అది ఏళ్ల తరబడి పనిచేస్తుంది.

పెద్ద ఎత్తున చేయడం రెండో చిక్కు. ప్రయోగశాల గిన్నెలో గ్రాములు పడతాయి. గిన్నె పెద్దదయ్యేకొద్దీ గుండు పడే ఎత్తు, దెబ్బ బలం, వేడి పోయే తీరు అన్నీ మారతాయి, గ్రాముల దగ్గర కుదిరిన వంట టన్నుల దగ్గర కుదరదు. అందుకని కొందరు గుండ్లు మానేసి ప్లాస్టిక్ పరిశ్రమలో వాడే జంట స్క్రూల యంత్రాన్ని పట్టుకున్నారు. ఒక చివర పొడులు పోస్తే రెండు స్క్రూలు పక్కపక్కనే తిరుగుతూ పిసుకుతూ ముందుకు నెడతాయి, ఇంకో చివర సరుకు ఆగకుండా వస్తుంది. బెల్‌ఫాస్ట్‌లో స్టూవర్ట్ జేమ్స్ బృందం లోహాలూ కర్బన అణువులూ అల్లుకున్న బోలు స్ఫటికాలను ఇలా కిలోల లెక్కన తీసింది. అంతర్జాతీయ రసాయన సంఘం ఐయూపాక్ 2019లో ప్రకటించిన పది కొత్త సాంకేతికతల్లో ఈ పద్ధతి ఒకటి.

మూడోది అరుగుదల, చిన్నదిగా కనిపించే పెద్ద తగాదా. గుండ్లు బాదుకుంటే గుండ్లూ అరుగుతాయి. ఉక్కు గిన్నెలో గంటల తరబడి ఆడించిన పొడిలో ఇనుము చేరుతుంది, కొంచెం క్రోమియం, నికెల్ కూడా. రోట్లో రాతిపొడి కలిసినా కూర రుచి మారదేమో గానీ ఉత్ప్రేరకంలో లక్షకు కొన్ని పాళ్ల ఇనుము చాలు, పని తీరు మారిపోవడానికి. జర్మనీలోని బోఖుమ్‌లో లార్స్ బోర్హార్ట్ బృందం దీన్నే ఒక పద్ధతిగా మలుచుకుంది. పల్లాడియం పూత ఉన్న గుండ్లు వేసి, వేరే ఉత్ప్రేరకపు పొడి ఏదీ కలపకుండా, గుండు ఉపరితలం మీదే చర్య జరిపించారు. పని అయ్యాక గుండ్లు ఏరుకుంటే సరి, వడకట్టేది ఏమీ ఉండదు. వాళ్లకు వరమైనది మిగతావాళ్లకు తలనొప్పి. తాను కొత్తగా చేసిన మాలిబ్డినం సల్ఫైడు పొడి బ్రహ్మాండంగా పనిచేస్తోందని ఒక విద్యార్థి సంబరపడుతుంటే ఆ పనిలో సగం గిన్నె గోడ నుంచి రాలిన ఇనుముదేమో ఎవరికి తెలుసు?

అందుకే పద్ధతి తెలిసిన ప్రయోగశాలల్లో రెండు పనులు తప్పకుండా చేస్తారు. ఆడించే ముందు, ఆడించాక గుండ్లను కడిగి, ఆరబెట్టి, తూస్తారు. తగ్గిన బరువు ఎక్కడికి వెళ్లిందో పుస్తకంలో రాయాల్సిందే. రెండో పని, అసలు ఉత్ప్రేరకం వేయకుండా ఉత్త ఆధారపు పొడినే అదే గిన్నెలో, అవే గుండ్లతో, అంతే సేపు ఆడించి, ఆ పొడితో చర్య జరిపి చూడడం. అది కూడా ఎంతోకొంత పనిచేస్తే ఆ మొత్తాన్ని అసలు ఫలితంలోంచి తీసేస్తారు. మిగిలిందే కొత్త ఉత్ప్రేరకం ఖాతాలోకి వెళుతుంది.